మిఠాయి పెట్టెలో నైరుతి

ఆ ఏడాది తుమ్మలబండ మండలానికి రావలసిన నైరుతి వాన మొత్తం మోటారు వైండింగు ఎర్రిస్వామి ఇంట్లో, టీవీ పక్కనున్న కప్పల పెట్టెలో కురిసింది. మండలంలో ఇంకెక్కడా చినుకు పడలేదు. ఇందులో ఎవరికీ పెద్ద వింత కనపడలేదు. వాన తనిష్టం వచ్చిన చోట కురవదనీ, కప్ప ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయి కురవాల్సిందేననీ ఆ సీమలో అందరికీ తెలిసిన సంగతే. చెరువు పూడ్చి ప్లాట్లు వేశారు. కుంట మీద కల్యాణమంటపం లేచింది. పాత బావుల్లో చెత్త పోశారు. పిలిచే కప్పలన్నీ పోగా మండలం మొత్తానికి గొంతున్న మగకప్ప ఒక్కటే మిగిలింది. అది ఎర్రిస్వామి దగ్గర ఉంది. మేఘాలు పొలిమేర దాకా వచ్చి, కాసేపు ఆగి, చెవి ఒగ్గి విని, సందు పట్టుకుని అతని ఇంటికి వచ్చేశాయి.

వచ్చే తీరు కూడా పద్ధతిగానే ఉండేది. ఒకదాని వెనక ఒకటి బస్సు రోడ్డు మీదుగా, కరెంటు తీగలకు తగలకుండా వంగి నడిచేవి. వంటింటి వెంటిలేటర్లోంచి దూరి హాల్లోకి వచ్చి, ఫ్యానుకు కాస్త పక్కగా నిలబడేవి. ముందొచ్చింది పెట్టెలో కురిసి ఖాళీ అయ్యాక వెనకది జరిగేది. అంతసేపూ మిగతావి వంటింట్లో కాచుకుని ఉండేవి. ఎర్రిస్వామి భార్య సుంకమ్మకు ఉన్న ఇబ్బందల్లా అదే.

“తిరగమాత యెయ్యల్లంటే ఆవాలు చిట్లవు. అప్పడం కాలిస్తే గుడ్డపేలిక మాదిరి అయితాంది. నీ మబ్బుల్ని నీ హాల్లో నిలబెట్టుకో పో,” అనేది.

“హాల్లో జాగా యాడుంది? టీవీ తడుస్తాది.”

“నేను తడిస్తే పర్లేదా? నువ్వు కట్టుకున్యది నన్నా, కప్పనా?”

ఎర్రిస్వామి పెట్టె మీది జాలీకి చెవి పెట్టి లోపల వాన సన్నగా పడుతోందా, బండగా పడుతోందా అని వినేవాడు. బండగా పడితే పెట్టెలోని నీళ్ల మూకుడు పొంగి కప్పలకు జలుబు చేస్తుందని భయం. సన్నగా పడితే ఆగిపోతుందేమోనని భయం. ఆ పెట్టె వచ్చిన నాటినుంచి అతనికి భయం లేని గంట లేదు.

నిజానికి అతను వానను పిలవాలనుకోలేదు. కప్పల చేత పిల్లల్ని పెట్టించాలనుకున్నాడు, అంతే. బోర్లు ఎండిపోయాక కాలిపోయే మోటార్లు కూడా తగ్గిపోయాయి. పని లేక కూర్చున్న రోజుల్లో స్నానాలగదిలో బకెట్టు అంచున రెండు చెట్టుకప్పలు కనపడ్డాయి. ఊళ్లో మిగిలిన తడి అదొక్కటే కాబోలు, వెతుక్కుంటూ వచ్చాయి. మగది బొటనవేలంత. ఆడది దానికి రెండింతలు. వాటికి దొర, దొరసాని అని పేర్లు పెట్టాడు. మూతపడిన మిఠాయి కొట్టు నుంచి గాజు షోకేసు తెచ్చాడు. దాని మీద ‘స్వచ్ఛమైన నేతితో’ అన్న ఎర్ర అక్షరాలు ఎంత గోకినా పోలేదు. పోకపోతే పోయిందని అడుగున గులకరాళ్లు, పైన కొబ్బరి పీచు పరిచి, ఒక మూల మనీప్లాంటు నాటి, ఇంకో మూల మూకుడులో నీళ్లు పెట్టి, మీద దోమల జాలీ బిగించాడు. కుళాయి నీళ్లలో మందు ఘాటు పోయేదాకా కుండలో నిలవ పెట్టి మరీ పోసేవాడు. చేతులు తడుపుకోకుండా కప్పను తాకేవాడు కాదు. రాలిన దీపపు పురుగుల్ని అగ్గిపెట్టెలో పోగుచేసి తెచ్చి మేపేవాడు.

ఫోన్లో కప్పలు పెంచేవాళ్ల గుంపు ఒకటి ఉంటే అందులో చేరాడు. ప్రతి పొద్దున్నా పువ్వు బొమ్మతో శుభోదయం పెట్టి, దాని కింద దొర ఫొటో పెట్టేవాడు. కప్పలు జతకట్టాలంటే ముందు వాటికి ఎండాకాలం చూపించాలి, ఆ తరవాత వానాకాలం చూపించాలి అని ఆ గుంపులో పెద్దలు చెప్పారు. ఎండాకాలం చూపించడానికి అతను ఏమీ చెయ్యాల్సిన పని లేకపోయింది, పెట్టె మూత తీసిపెడితే సరిపోయింది. వానాకాలం కోసం మందు కొట్టని కొత్త స్ప్రేయరు కొని, జాలీ మీంచి పొద్దునా సాయంత్రం చిలకరించాడు. కొన్నాళ్లకు దొర మనీప్లాంటు ఆకెక్కి, గొంతు కింద సంచి ఉబ్బించి, చెక్క మీద సుత్తితో కొట్టినట్టు టక్ టక్ టక్ అని పిలిచాడు. పిలిచింది దొరసానిని. దొరసాని ఇంకా తల తిప్పకముందే మేఘాలు వచ్చేశాయి.

మండల గణాంకాధికారి హైమావతి మేడం వచ్చింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మండలాఫీసు మిద్దె మీద ఉన్న వర్షమాపకంలో సాలీడు కాపురం పెట్టిందని, వాన కురిసే చోటే దాన్ని పెట్టాలని రూలు ఉందని చెప్పింది. చెప్పులు గుమ్మం బయట వదిలి, వర్షమాపకాన్ని చీరకొంగుతో తుడిచి, పెట్టెలో మనీప్లాంటు పక్కన నిలబెట్టింది.

“ఎర్రిస్వామి గారూ, ఈ పెద్ద కప్ప దీని గరాటులో కూర్చోకుండా చూడండి. అది కూర్చుంటే మండలానికి లెక్క తగ్గిపోద్దండీ.”

“చెప్తా మేడం. శానా మొండిది.”

“అవునండీ, ఆడవాళ్లం మొండిగా లేకపోతే ఎలా,” అని ఆమె టీ తాగి, పెట్టెలోకి వంగి చూసి, తుమ్మలబండ మండలంలో వర్షపాతం సాధారణం అని రాసుకుని వెళ్లింది.

సాధారణం అన్నాక కరువు రాయడానికి లేదు. ఆ మాట వినగానే సుంకమ్మ తమ్ముడు తిప్పన్న వచ్చాడు. అతనికి గుట్ట కింద చెనక్కాయ చేను ఉంది. వాన ముందుముందు పడుతుందిలే అని పొడి దుక్కిలో విత్తనం వేసి కూర్చున్నాడు. చెప్పులకు అంటిన దుమ్ము దులుపుకోకుండా హాల్లోకి వచ్చి, పెట్టెలో కురుస్తున్న వానను, పెళ్లివారింట్లో పిలవని చుట్టం విస్తర్లను చూసినట్టు చూశాడు.

“బావా, ఇది నా చేన్లో పడాల్సిన వాన గదా.”

“మండలం మొత్తంది, తిప్పన్నా.”

“అందులో నాది ఉండాది గదా. ఇదో ఈ మూలది నాదే అనుకో. కొబ్బరి పీచుకు ఎందుకు బావా వాన? అదేమన్నా కాయ కాస్తాదా?”

“పెట్టెత్తుకపోయి చేన్లో పెట్టరాదా?” అంది సుంకమ్మ లోపలి నుంచి. తమ్ముడి ముఖం చూస్తే ఆమెకు ఆవాలు చిట్లని సంగతి కూడా గుర్తుండదు.

అదీ చేసి చూశారు. ఎర్రిస్వామి వద్దు వద్దంటూనే ఒక కొస పట్టుకున్నాడు. నులకమంచం మీద పెట్టెను పెట్టి, తడిగోనె కప్పి, నలుగురు మోశారు. మేఘాలు వెనకాలే వచ్చాయి. సందు మలుపు తిరిగేసరికి కుదుపులకు బెదిరిన దొర నోరు మూశాడు. పిలుపు లేకపోయేసరికి మేఘాలు ఎటు పోవాలో తెలియక టీ అంగడి మీద నిలబడిపోయాయి. వెనక బస్సులు ఆగిపోయాయి. ఎండకు పెట్టె గాజు పెనంలా కాలింది. దొరసాని గాజుకు అంటుకుని డొక్కలెగరేస్తుంటే ఎర్రిస్వామి చూడలేక మంచాన్ని వెనక్కి తిప్పించాడు. ఇంట్లో గోడ నీడన పెట్టాక, నీళ్లు చిలకరించాక, చాలాసేపటికి గాని దొర మళ్లీ పిలవలేదు.

హైమావతి మేడం ఆలోచించి ఊళ్లోవాళ్లకు ఒక దారి చెప్పింది. ఉన్న కప్పను కదిలించకూడదు, కొత్త కప్పల్ని పుట్టించాలి. దొరా దొరసానీ జతకడితే గాజు మీద నురగ గూడు కడతాయి, అందులోంచి పిల్లలు నీళ్లలోకి రాలతాయి, వాటికి కాళ్లొచ్చాక చేనుకొక కప్పను ఇస్తే ఏ చేను వాన ఆ చేన్లో పడుతుంది. ఇందులో ఆడకప్పలు పడినవాళ్ల సంగతేమిటని ఒకరు అడిగారు. వాళ్లు పక్క చేనువాళ్లతో వియ్యమందుకోవాలని మేడం చెప్పింది. జనం ఒప్పుకున్నారు. పుట్టని పిల్లలకు పేర్లు పెట్టుకుని వెళ్లారు. తిప్పన్న తన పిల్లకు ‘బసవ’ అని పెట్టుకున్నాడు. చేను గెట్టు మీద దాని కోసం కుండపెంకుతో నీడ కూడా కట్టాడు.

ఇప్పుడు ఎర్రిస్వామికి నిద్ర పట్టలేదు. దొరసాని కడుపు గుడ్లతో నిమ్మకాయలా నిండి ఉంది. దొర పిలుస్తున్నాడు గాని, ఎడతెగని వానలో ఆ పిలుపు దొరసానికి సరిగా వినపడటం లేదు. రోజూ నాలుగడుగులు ఆకు దాకా పోతుంది, ఆగుతుంది, వెనక్కి వచ్చి గరాటులో కూర్చుంటుంది. దొరంత చిన్న కప్ప ఒకేసారి వానను, దొరసానిని పిలుస్తూ రెండు ఉద్యోగాలు చెయ్యాల్సి రావడం అన్యాయమని ఎర్రిస్వామి గుంపులో పెట్టాడు. దండం బొమ్మలు చాలా వచ్చాయి.

పక్క మండలంలో బావిలో పడిన మోటారు తియ్యాలని కబురొస్తే ఎర్రిస్వామి ఒకరోజు పోక తప్పలేదు. పోతూ పోతూ పెట్టె తాకొద్దని సుంకమ్మకు చెప్పాడు. సుంకమ్మ పెట్టెను తాకలేదు. జాలీ తీసి దొరను మాత్రం తీసింది.

వానలు రాని ఏడు కప్పతల్లిని ఆడించడం ఆ ఊరి ఆడవాళ్లకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. కప్పను గుడ్డలో పెట్టి రోకలికి కడతారు, చుట్టూ వేపమండలు కట్టి ఇద్దరు భుజాన మోస్తారు, ఇంటింటి ముందూ నిలబడితే ఇంటావిడ బిందెడు నీళ్లు పోసి మొక్కుతుంది. పెట్టె కదిలితే బెదిరే దొర రోకలి మీద బెదరడని, అది దేవుడి సవారీ అని సుంకమ్మ నమ్మింది. దొరకు స్వయంగా పసుపు రాసింది. నొసలు ఎక్కడుందో తెలియక వీపు మీద కుంకుమ పెట్టింది. పాడుతూ ఊరంతా తిప్పారు. ప్రతి గుమ్మంలోనూ నీళ్లలో కాస్త పసుపు కలిపి పోశారు. వట్టి నీళ్లు పోస్తే ఏం మర్యాద?

సాయంత్రం ఎర్రిస్వామి వచ్చేసరికి దొర పెట్టెలోనే ఉన్నాడు. కొత్త పెళ్లికొడుకులా పచ్చగా ఉన్నాడు. నోరు మూసుకుని ఉన్నాడు.

“ఏం చేసినావే?”

“పూజ చేసినా. కడాకు తిప్పన్న చేను గెట్టు మీద దించి దండం పెట్టినా. అందరూ బిందెలు బిందెలు పోసినారు.”

“పసుపు రాసినావా?”

“పసుపు లేకుండా పూజ యట్లయితాది?”

“దానికి ఊపిరి తోలుతోనే గదే! తోలు మంట పుట్టి సచ్చిపోతాదే!”

“అది నాకేం తెల్సు? మా అమ్మ ఆడించింది, మా అవ్వ ఆడించింది. యానాడూ ఒక కప్పకి ఏం కాలా.”

“అప్పుడు కప్పలు శానా ఉండె. సచ్చింది యాదో, అరిచింది యాదో ఎవరు సూసినారు?”

సుంకమ్మ మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుంది. ఎర్రిస్వామి నిలవ నీళ్లు అరచేతిలో పోసుకుని దొరను అందులో ముంచి, మెత్తగా, రంగు పోయేదాకా కడిగాడు. గొంతు కింద సంచికి పట్టిన పసుపు మాత్రం పోలేదు.

మర్నాటి నుంచి వాన లేదు. మేఘాలు ఉన్నాయి. హాల్లో, నడవలో, వంటింట్లో, చూరుకు తల ఆనించి నిలబడి ఉన్నాయి. పిలుపు వస్తే కురుద్దామని తయారుగా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడితే గొంతు చెమ్మగా వచ్చేది. అన్నం తింటుంటే కంచంలోకి వంగి చూసేవి. ఎర్రిస్వామి తల వంచుకుని తినేవాడు.

హైమావతి మేడం వచ్చి గరాటులో వేలు పెట్టి చూసి, వేలు తుడుచుకుంది.

“మేఘాలు హాజరు. కురవడం మాత్రం లేదు. దీనికి నా దగ్గర గడి లేదండీ. పైనుంచి అడుగుతున్నారు, వాన ఆపిందెవరని. ఆపినవాళ్ల పేరు రాయమంటున్నారు.”

సుంకమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది. మబ్బుల్లోంచి ఆమె గాజులు మాత్రం కనపడుతున్నాయి. ఎర్రిస్వామి అటు చూడలేదు.

“రెండ్రోజులు ఆగండి మేడం. గొంతు పట్టింది, అంతే.”

“నాకేం తొందర లేదండీ. ఊళ్లోవాళ్లకే ఉంది.”

ఊళ్లోవాళ్లు అప్పటికే గుమ్మం ముందు నిలబడుతున్నారు. రోకలి మోసిన ఆడవాళ్లు, బిందెలు పోసిన ఆడవాళ్లు కూడా ఉన్నారు అందులో. వాళ్లు సుంకమ్మను మాత్రమే చూసేవాళ్లు. ఎర్రిస్వామికి ఆ చూపులు ఎక్కడికి దారితీస్తాయో తెలుసు. పేరు ఒకసారి రాస్తే, ఇక ఆ మనిషి నీళ్లకు పోయినా, కూరగాయలకు పోయినా వాన ఆపిన మనిషే. 

గుంపులో అడిగాడు. మగకప్ప మూగపోతే వేరే కప్ప పిలుపు వినిపించాలి, పౌరుషం వచ్చి పిలుస్తుందని చెప్పి, ఎవరో పుణ్యాత్ముడు పడమటి కొండల అడవిలో రికార్డు చేసిన కప్పల గోల పంపించాడు. ఎర్రిస్వామి ఫోనును జాలీ మీద పెట్టి నొక్కాడు.

దొర పలకలేదు. మేఘాలు పలికాయి. చూరు కింద ఒక్కసారి కదలిక పుట్టి, పెట్టె మీదికి వచ్చి, వాన మొదలైంది. బ్రహ్మాండమైన వాన. రేకుల మీద పడినట్టు, వాగులో పడినట్టు, టేకాకుల మీద పడినట్టు చప్పుడు. ఎర్రిస్వామి ఆనందంగా పెట్టెలో చెయ్యి పెట్టాడు. చెయ్యి తడవలేదు. తిప్పి పెట్టాడు. తడవలేదు. పిలిచింది కప్ప గొంతు కాదు, కప్ప గొంతు చప్పుడు. అందుకని వచ్చింది వాన కాదు, వాన చప్పుడు. మేఘాల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు.

“అయ్యో, బట్టలు!” అని సుంకమ్మ పెరట్లోకి పరుగెత్తింది.

హైమావతి మేడం వచ్చి, చప్పుడు విని, గరాటు చూసి, మళ్లీ చప్పుడు విని, పై ఆఫీసుకు ఫోను చేసింది.

“సార్, కొలిచేదాంట్లో ఏమీ లేదండీ. కానీ...” అని, చెప్పలేక ఫోనును పెట్టె దగ్గర పట్టుకుంది.

అవతల నుంచి ఒక నిండైన గొంతు వచ్చింది. “అబ్బ, ఏం పడుతోందమ్మా! ఇక్కడిదాకా మట్టి వాసన వస్తోంది. అంత వాన పెట్టుకుని లేదంటావేంటి? రాసేసుకో.”

మేడం ఫోను పెట్టేసి, గరాటు వైపు చూడకుండా రాసుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. గుమ్మం దాటుతూ సుంకమ్మ భుజం మీద చెయ్యి వేసి, “ఇంక పేరు రాయక్కర్లేదండీ,” అని చెప్పింది. ఎర్రిస్వామి ఆ రోజు పెట్టె వచ్చాక మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

కప్పను కదిలిస్తే బెదురుతుంది గాని ఫోను బెదరదు. మర్నాడే ఆ గోలను తిరునాళ్లకు వాడే మైకుసెట్టు ఆటోలో ఎక్కించి ఊరూరా తిప్పారు. తరవాత చేనుకొక కొమ్ము మైకు కట్టారు. మేఘాలు చాలారోజుల తరవాత ఎర్రిస్వామి ఇల్లు వదిలి బయటికి పోయి, న్యాయంగా, అందరి చేలల్లోనూ సమానంగా చప్పుడు చేశాయి. ఒకటి మాత్రం, ముసలిది కాబోలు, చూరు మూల కునుకుతూ ఉండిపోయింది.

మొదట్లో జనం ఆకాశంలోకి చెయ్యి చాపి చూసుకునేవాళ్లు. తరవాత పక్కవాడు గొడుగు వేసుకుంటే తామూ వేసుకున్నారు. పక్కవాడు పంచె ఎగగట్టి నడిస్తే తామూ ఎగగట్టారు. బురదగా ఉందని పిల్లల్ని బడి మానిపించారు. తడిశాక తుమ్మకపోతే బాగుండదని తుమ్మారు. చెనక్కాయ మాత్రం మొలవలేదు. అది చెవిటి పంట, పాత రకం అని అన్నారు. వర్షపాతం సాధారణం కాబట్టి మొలక సాధారణం అని, ఊడ దిగడం సాధారణం అని, దిగుబడి సాధారణం అని మేడం వరసగా రాసుకుంటూ పోయింది. కార్తీకం నాటికి తిప్పన్న పంట పీకి, కుప్పగా వామి వేసినట్టు రికార్డయింది.

ఇన్నాళ్లూ ఎర్రిస్వామి దొరను వదల్లేదు. రోజూ నిలవ నీళ్లతో కడిగేవాడు. గొంతు సంచి మీద పసుపు రోజుకింత పలచబడుతోంది. దొరసాని కడుపు ఇంకా నిమ్మకాయలాగే ఉంది. ఆశ పడకూడదనుకుంటూనే స్ప్రేయరు చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. ఒక్క గూడు కడితే చాలు. ఒక్క పిల్ల తిప్పన్న గెట్టు మీద కుండపెంకు కిందికి చేరితే చాలు. అప్పుడు నిజం వాన పడుతుంది. అప్పుడు సుంకమ్మ రోకలి వైపు చూడగలుగుతుంది. ఆ రోకలిని ఆమె అటక మీద వెనక్కి, కనపడకుండా తోసేసింది.

ఒక మధ్యాహ్నం తిప్పన్న చేను నుంచి వచ్చాడు. బయట మైకు మోగుతోంది. గోనెసంచిని ముసుగులా కొప్పెర వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, గుమ్మం దగ్గర కాళ్లు దులుపుతూ నిలబడ్డాడు.

“ఏం వాన బావా, విడవకుండా పట్టుకుంది.”

“లోపలికి రాప్పా.”

అప్పుడే పెట్టెలో టక్ మని వినపడింది.

ఎర్రిస్వామి కదలకుండా కూర్చున్నాడు. మళ్లీ టక్. దొర ఆకెక్కి ఉన్నాడు. గొంతు కింద సంచి ఉబ్బి ఉంది. టక్ టక్ టక్. బయట మైకులో అడవంతా అరుస్తుంటే దాని కింద, బొటనవేలంత గొంతు. దొరసాని గరాటులోంచి లేచింది. ఒక కాలు చాపి ఆకు మీద పెట్టింది. చూరు మూల కునుకుతున్న మేఘం కళ్లు తెరిచినట్టు కదిలి, పెట్టె మీదికి వచ్చింది. జాలీ మీదున్న ఎర్రిస్వామి చేతి మీద ఒక చుక్క పడింది. చల్లగా ఉంది. పారింది.

“తిప్పన్నా!” అన్నాడు. “తిప్పన్నా, ఇట్రా. చెయ్యి పెట్టు. తడి! నిజంగా తడి!”

తిప్పన్న వచ్చి ఆ చుక్కను చూశాడు. వేలితో తాకాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అతని ముఖంలో ఏదో వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది.

“అయ్యో, ఇప్పుడొద్దు బావా,” అన్నాడు.

“ఏందప్పా వద్దనేది? నీ వాన!”

“వామి తడిసిపోతాది.”

“ఏం వామి?”

“నా వామి. చెనక్కాయ వామి. ఇప్పుడు వాన పడితే కాయ బూజు పడతాది. మొలకెత్తుతాది. ఇంత కష్టపడి పీకినాక, కడుపు కాలదా బావా? మేడం కూడా చెప్పె, ఈ ఏటి లెక్క నిండిపోయింది, ఇంకో చుక్క పడితే వరద రాయాల్సొస్తాదని. వరద రాస్తే ఊరు ఖాళీ చెయ్యల్లంట. మీ ఇల్లే పల్లం. అక్కని తీసుకుని యాడికి పోతావు?”

ఎర్రిస్వామి తిప్పన్న కళ్లలోకి చూశాడు. అందులో వేళాకోళం లేదు. వాన చూసిన రైతు భయం ఉంది, అంతే. అది అతనికి బాగా తెలిసిన భయం. ఇన్నాళ్లూ తను పడ్డదే.

“మూసెయ్ బావా. నీకు దండం పెడతా.”

వంటింటి గుమ్మంలో సుంకమ్మ నిలబడి ఉంది. తమ్ముడిని చూసింది, పెట్టెను చూసింది, మొగుణ్ని చూసింది. దండెం మీదున్న దుప్పటి తెచ్చి అతని చేతికిచ్చింది.

ఎర్రిస్వామి పెట్టె మీద దుప్పటి కప్పాడు. లేచి ఫ్యాను వేసి పెద్దది చేశాడు. మేఘం కాస్త తబ్బిబ్బయింది. వచ్చిన దారి తెలిసినదే కాబట్టి, గోడ వెంబడి జరుగుతూ, వంటింట్లోకి పోయి, వెంటిలేటర్లోంచి బయటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ సుంకమ్మ జుట్టు కాస్త తడిపింది. దుప్పటి కింద టక్ టక్ మని కాసేపు వినపడింది.

“ఏందప్పా ఆ చప్పుడు?” అని వీధిలో పోతున్నవాళ్లెవరో అడిగారు.

“మోటారు,” అన్నాడు ఎర్రిస్వామి అరుగు మీదికి వచ్చి కూర్చుంటూ. “రిపేరుకొచ్చింది.”

తిప్పన్న బరువు దిగినట్టు ఊపిరి వదిలి, అరుగు మీద బావ పక్కన చతికిలబడ్డాడు. సుంకమ్మ టీ తెచ్చింది. ఎదురుగా రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. మైకు గోలకు వాన హోరెత్తిపోతోంది. గొడుగులు వేసుకున్న మనుషులు గుంటలున్న చోట్ల చూసి చూసి అడుగేస్తూ పోతున్నారు.

తిప్పన్న తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. దాన్ని మెలిపెట్టి, పళ్లు బిగించి, గట్టిగా పిండాడు.

ఎర్రిస్వామి తడవకుండా కాళ్లు పక్కకు జరుపుకున్నాడు.